కనబడితేనే కదా నొక్కేది: పెద్దవాళ్ల చూపుకు తగ్గట్టు ఫోన్ అమర్చే పద్ధతి

"ఎన్నిసార్లు చెప్పినా అమ్మకు ఫోన్ రావట్లేదు" అని విసుక్కునేవాళ్లు ఇంటికొకరుంటారు. నిన్న చూపించిన బటన్ కోసం ఇవాళ వెతుక్కుంటుంటే మతిమరుపు అనేసుకుంటాం. చాలాసార్లు సంగతి వేరే ఉంటుంది. తెల్లటి స్క్రీన్ మీద లేత బూడిద రంగులో ఉన్న ఆ బటన్ ఆవిడ కంటికి అసలు ఆనలేదు. నిన్న మీరు వేలు పెట్టి చూపించారు కాబట్టి కనబడింది. ఇవాళ ఆ వేలు లేదు.

వయసుతో పాటు ఒక విషయాన్ని గుర్తు తెచ్చుకునే శక్తి తగ్గుతుంది. కానీ కళ్లెదుట ఉన్నదాన్ని చూసి "ఇదే అది" అని గుర్తుపట్టే శక్తి చాలామందిలో బాగానే నిలుస్తుంది. అందుకని ఫోన్‌లో పనంతా చూసి గుర్తుపట్టేలా అమరిస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. వరుస కూడా ముఖ్యం: ముందు కన్ను, తర్వాత స్క్రీన్, ఆ తర్వాతే పాఠం. మనలో చాలామంది నేరుగా పాఠంతోనే మొదలుపెడతాం.

వయసుతో కంట్లో ఏం మారుతుంది

నలభై దాటాక కంట్లోని లెన్స్ గట్టిపడి దగ్గరి వస్తువులు మసకబారతాయి. దీన్నే చత్వారం అంటాం. కళ్లజోడు పెడితే ఇది సర్దుకుంటుంది. కళ్లజోడుతో సర్దుకోని మార్పులే ఫోన్ దగ్గర ఇబ్బంది పెడతాయి.

మొదటిది వెలుతురు. వయసు మీదపడేకొద్దీ కనుపాప చిన్నదవుతుంది, లెన్స్ పసుపెక్కుతుంది. ఇరవై ఏళ్ల వయసులో రెటీనాకు (కంటి వెనక బొమ్మ పడే పొరకు) చేరే వెలుతురులో అరవై ఏళ్లకు దాదాపు మూడో వంతే చేరుతుంది. మీకు సరిపోయే బ్రైట్‌నెస్ వాళ్లకు చీకటి గదిలా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

రెండోది కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ దాని వెనకున్న రంగుకూ మధ్య తేడా. కంటి పరీక్షలో నల్లటి అక్షరాలు తెల్లటి బోర్డు మీద ఉంటాయి, వాటిని గడగడా చదివేస్తారు. అదే మనిషి బూడిద మీద బూడిద అక్షరాల దగ్గర తడబడతారు. "డాక్టర్ చూపు బాగుందన్నారు కదా" అని మనం వాదిస్తాం. డాక్టర్ చెప్పిందీ నిజమే, ఫోన్ కనబడకపోవడమూ నిజమే.

పసుపెక్కిన లెన్స్ నీలం కాంతిని ఎక్కువగా ఆపేస్తుంది. అందువల్ల ముదురు నీలం నల్లగా, నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగులు ఒకేలా అనిపిస్తాయి. తెలుపు మీద లేత పసుపు ఎలాగూ కనబడదు. పైగా లెన్స్‌లో కాంతి చెదిరిపోతుంది కాబట్టి కిటికీ వెలుగు స్క్రీన్ మీద పడితే అక్షరాలు మాయమే.

మూడో సంగతి మనం పెద్దగా పట్టించుకోం: వెతుకులాట. ఒకే చూపులో గ్రహించగలిగే ప్రాంతం వయసుతో తగ్గుతుంది, చుట్టూ గందరగోళం ఉంటే మరీ తగ్గుతుంది. ముప్ఫై ఐకాన్లున్న పేజీలో మీ కన్ను టక్కున కావలసినదాని మీద వాలుతుంది. వాళ్లు ఒక్కొక్కటీ వరసగా చూసుకుంటూ పోవాలి. ఈలోగా స్క్రీన్ ఆరిపోతుంది.

మొదటి మెట్టు: ఫోన్ ముట్టుకోకముందు కంటి పరీక్ష

శుక్లాలో నీటికాసులో (గ్లకోమా) ఉంటే ఎన్ని సెట్టింగ్స్ మార్చినా లాభం కొంతే. కనీసం ఏడాదిగా కళ్లు చూపించుకోకపోతే ముందు అది కానివ్వండి. ఇంట్లో ఒక చిన్న పరిశీలన చేయొచ్చు: ఒక కన్ను మూసి రెండోదానితో తలుపు అంచునో, గీతల నోటు పుస్తకాన్నో చూడమనండి. తర్వాత రెండో కన్ను. తిన్నటి గీతలు వంకరగా, అలల్లా కనబడితే రెటీనా మధ్య భాగంలో సమస్య ఉండొచ్చు, ఆలస్యం చేయకూడదు. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కన్ను లోటును కప్పేస్తుంది కాబట్టి విడివిడిగా చూడటం తప్పనిసరి. ఉన్నట్టుండి చూపు తగ్గినా, మెరుపులు కనబడినా, కంటికి తెర అడ్డుపడినట్టున్నా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంకొకటి, దీన్ని చాలామంది శుభవార్త అనుకుంటారు: "ఈమధ్య కళ్లజోడు లేకుండానే ఫోన్ చదువుతున్నాను." చత్వారం దానంతటది తగ్గదు. ఒక రకం శుక్లం ముదిరేటప్పుడు దగ్గరి చూపు కొన్నాళ్లు మెరుగైనట్టు అనిపిస్తుంది. అదీ పరీక్ష చేయించుకోవలసిన సంగతే.

కళ్లజోడు గురించి డాక్టర్‌కు ఫోన్ పట్టుకునే దూరం చెప్పండి. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల్లో చదివే భాగం కింద ఉంటుంది. ఫోన్‌ను ముఖానికి ఎదురుగా పైకెత్తి పట్టుకుంటే ఆ భాగంలోంచి చూడలేరు, గడ్డం పైకి లేపాల్సొస్తుంది, మెడ నొప్పి వస్తుంది. ఫోన్‌ను ఛాతీ ఎత్తున పట్టుకుని కళ్లు మాత్రం దించి చూడటం అలవాటు చేస్తే సరిపోతుంది.

రెండో మెట్టు: అక్షరం, వెలుతురు, రంగు

దీనికి సాయంత్రం పూట కూర్చోండి, వాళ్లు మామూలుగా ఫోన్ చూసే చోటే, రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే. మీ కంటితో కాదు, వాళ్ల కంటితో కొలవాలి. "కనబడుతోందా?" అని అడగొద్దు. చాలామంది మొహమాటానికి "ఆ, కనబడుతోంది" అనేస్తారు. పైకి చదవమనండి.

అక్షరాల సైజు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద గానీ యాక్సెసిబిలిటీ (చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్ల కోసం పెట్టిన భాగం) కింద గానీ దొరుకుతుంది, ఫోన్ కంపెనీని బట్టి పేరు కాస్త మారుతుంది. ఆండ్రాయిడ్‌లో వేలితో జరిపే గీతలు రెండు వేర్వేరుగా ఉంటాయి: ఒకటి ఫాంట్ సైజు, రెండోది డిస్‌ప్లే సైజు. మొదటిది అక్షరాన్ని పెంచుతుంది, రెండోది బటన్లూ ఐకాన్లతో సహా అన్నిటినీ పెంచుతుంది. రెండూ కలిపి సర్దాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాన్ని 200 శాతం దాకా పెంచొచ్చు. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీలో డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ లోపలికెళ్లి లార్జర్ టెక్స్ట్ తెరిచి, అక్కడ లార్జర్ యాక్సెసిబిలిటీ సైజెస్ ఆన్ చేస్తేనే అసలైన పెద్ద సైజులు వస్తాయి. బయట కనబడే గీతతో ఆగిపోతే మధ్యలోనే ఆగినట్టు.

ఎంత సైజు? కష్టపడి చదవగలిగిన అతి చిన్న అక్షరం ఏదో చూసి దానికి కనీసం రెండింతలు పెట్టండి. చదవగలగడం వేరు, హాయిగా చదువుకోవడం వేరు. తెలుగులో చదివేవాళ్లకు ఇంకాస్త పెంచాలి. ద, ధ, థల మధ్య తేడా అంతా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. ఒత్తులు కిందికి దిగి ఇంకా చిన్నగా ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరం స్పష్టంగా కనబడిన సైజులో తెలుగు ఒత్తు మరకలా కనబడొచ్చు. కాబట్టి పరీక్ష ఒత్తులున్న తెలుగు వాక్యంతోనే చేయండి.

పెంచుతూ పోతే ఒకచోట ఫోన్ తిరగబడుతుంది. అక్షరం మరీ పెద్దదైతే కొన్ని యాప్‌లలో "సరే" బటన్ స్క్రీన్ అడుగుకు జారిపోతుంది, పేర్లు సగంలో మూడు చుక్కలతో ఆగిపోతాయి. కాబట్టి సైజు మార్చిన వెంటనే వాళ్లు నిజంగా వాడే మూడు నాలుగు యాప్‌లు తెరిచి, చివరి బటన్ దాకా వెళ్లి చూడండి. ఏదైనా దాక్కుంటే ఒక మెట్టు తగ్గించి, బోల్డ్ టెక్స్ట్ ఆన్ చేయండి. నా అనుభవంలో, చాలామందికి మరీ పెద్ద పల్చటి అక్షరం కంటే కాస్త పెద్ద మందపాటి అక్షరమే నయం.

నీటికాసులతో చూపు చుట్టూ కుంచించుకుపోయినవాళ్లకు ఈ సూత్రం తలకిందులు. అక్షరం పెద్దదయ్యేకొద్దీ ఆ ఇరుకు చూపులో పట్టే అక్షరాలు తగ్గుతాయి, ఒక్క మాట చదవడానికి ఫోన్ అంతా తిప్పాలి. వాళ్లకు మధ్యస్థం సైజు, గట్టి కాంట్రాస్ట్ పెట్టండి. స్క్రీన్ అంచుల్లో వచ్చే నోటిఫికేషన్లు వాళ్లు చూడలేదంటే పట్టించుకోలేదని అర్థం కాదు.

కాంట్రాస్ట్‌కు ఒక కొలత ఉంది. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకూ ఐకాన్లకూ 3:1 ఉండాలి. ఇంకా మంచిదంటే 7:1. యాప్ తయారుచేసేవాళ్లు దీన్ని పాటించకపోతే మనం చేయగలిగింది తక్కువే గానీ, కొంత చేయొచ్చు: ఆండ్రాయిడ్‌లో హై కాంట్రాస్ట్ టెక్స్ట్, ఐఫోన్‌లో ఇంక్రీజ్ కాంట్రాస్ట్, రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ, బటన్ షేప్స్ ఆన్ చేయండి. ఈ చివరిది చిన్నదే గానీ ఎంతో పనికొస్తుంది. నొక్కదగిన మాటల వెనక ఆకారమో, కింద గీతో వేసి "ఇది బటన్" అని తెలిసేలా చేస్తుంది. స్విచ్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో రంగుతోనే తెలుసుకోవాల్సిన అవసరం లేకుండా ఆన్/ఆఫ్ లేబుల్స్ కూడా అక్కడే ఉంటాయి.

డార్క్ మోడ్ అందరికీ మంచిదన్న ప్రచారం నమ్మొద్దు. మామూలుగా తెలుపు మీద నల్ల అక్షరమే తేలికగా చదవగలం. ఎక్కువ వెలుగుకు కనుపాప ముడుచుకుని బొమ్మ స్పష్టంగా పడుతుంది. ఆస్టిగ్మాటిజం (కంటి ముందు భాగం వంపు అన్నివైపులా సమంగా లేకపోవడం) ఉన్నవాళ్లకు నలుపు మీది తెల్లక్షరాలు చుట్టూ కాంతి అలుముకున్నట్టు ఉంటాయి. శుక్లాల వల్ల తెల్లటి స్క్రీన్ కళ్లలో కొడుతుందనేవాళ్లకు మాత్రం డార్క్ మోడ్ నిజంగానే ఊరట. రెండూ ఒక్కో రోజు పెట్టి చూసి వాళ్లనే తేల్చమనండి.

ఆటో బ్రైట్‌నెస్ తరచూ తక్కువే పెడుతుంది. అది ఆన్‌లో ఉంచినా గీతను కాస్త పైకి జరపండి. స్క్రీన్ పసుపు రంగుకు మారే నైట్ లైట్‌ను పగలు వాడొద్దు, లెన్స్ పసుపు మీద మరో పసుపు తోడవుతుంది. స్క్రీన్ ఆరిపోయే సమయం రెండు నిమిషాలకో అంతకంటే ఎక్కువకో పెంచండి. ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీలో, వచ్చి వెంటనే మాయమయ్యే సందేశాలను ఎక్కువసేపు నిలిపే టైమింగ్ సెట్టింగ్ కూడా ఉంది. చదివేలోపే పోయే సందేశం పెట్టే టెన్షన్ ఇంతా అంతా కాదు.

శుక్లాల ఆపరేషన్ అయితే ఈ మెట్టంతా మళ్లీ మొదటినుంచి చేయాలి. కొత్త లెన్స్‌లోంచి నీలం రంగు ఒక్కసారిగా తేటగా కనబడుతుంది, పాత బ్రైట్‌నెస్ కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది.

మూడో మెట్టు: హోమ్ స్క్రీన్ ఖాళీ చేయడం

మనవరాలి ఫొటో వాల్‌పేపర్‌గా పెట్టి ఇస్తాం, ప్రేమగానే. ఆ పాప పూల గౌను మీద పడిన ఐకాన్‌ను ఒకసారి వాళ్ల కళ్లతో చూడండి. పువ్వేదో, యాప్ ఏదో, కింద తెల్లటి చిన్న పేరు ఏదో తేలదు. ఫొటోను లాక్ స్క్రీన్‌కు మార్చి, హోమ్ స్క్రీన్ వెనక ఒకే ముదురు రంగు పెట్టండి. ఈ ఒక్క మార్పుకే "ఫోన్ బాగుచేశావా?" అని అడిగినవాళ్లున్నారు.

తర్వాత రోజూ వాడేవి ఆరో ఎనిమిదో యాప్‌లు తప్ప అన్నీ మొదటి పేజీ నుంచి తీసేయండి. తీసేయడమంటే డిలీట్ కాదు, లోపలి పేజీకి పంపడం. అన్నిటికంటే ఎక్కువ వాడేవాటిని మూలల్లో పెట్టండి, మూల కంటికి తేలికగా దొరుకుతుంది. ఒకే కంపెనీ యాప్‌లను పక్కపక్కన పెట్టొద్దు. 2020లో గూగుల్ తన మెయిల్, క్యాలెండర్, డ్రైవ్, మీట్ ఐకాన్లన్నిటికీ అవే నాలుగు రంగులు పులిమాక చూపు బాగున్నవాళ్లే తికమకపడ్డారు. ఒకటి పై మూలలో, ఇంకొకటి కింద ఉంటే రంగుతో పని లేకుండా చోటు చూసి పోల్చుకుంటారు.

ఐకాన్ కింద పేరు తీసేసే డిజైన్లు వద్దు. ఫోన్ రిసీవర్, కవరు లాంటి గుర్తులు వాళ్లు చేత్తో వాడిన వస్తువులు కాబట్టి చప్పున తెలుస్తాయి. మూడు అడ్డగీతలు, మూడు చుక్కలు, షేర్ గుర్తు లాంటివి వేటినీ పోలవు, పైగా షేర్ గుర్తు ఐఫోన్‌లో ఒకలా, ఆండ్రాయిడ్‌లో ఇంకోలా ఉంటుంది. వీటిని "మూడు గీతలంటే లోపల ఇంకా ఉన్నాయని" అని విడిగా ఒకసారి చెప్పక తప్పదు. ఊహించి తెలుసుకునే అవకాశం వాళ్లకు లేదు.

అమర్చడం అయ్యాక కదలకుండా తాళం వేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో హోమ్ స్క్రీన్ లేఅవుట్ లాక్ ఉంటుంది, కొత్త యాప్‌లు దానంతటవే హోమ్ స్క్రీన్ మీదికి రాకుండా ఆపే సెట్టింగ్ కూడా అక్కడే. ఇది చేయకపోతే వణికే వేలు ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగినా ఐకాన్ చోటు మారిపోతుంది, అప్పుడు "యాప్ పోయింది" అని ఫోన్ వస్తుంది, ఫోన్ చేయగలిగితే.

శామ్‌సంగ్‌లో ఈజీ మోడ్, ఐఫోన్‌లో 2023 నాటి ఐఓఎస్ 17తో వచ్చిన అసిస్టివ్ యాక్సెస్ ఇవన్నీ ఒకేసారి చేసిపెడతాయి. అసిస్టివ్ యాక్సెస్ ఫోన్‌లో కనబడేవాటిని చాలా తగ్గించేస్తుంది. చదువుకుంటూ, వీడియోలు పంపుకుంటూ ఉన్నవాళ్లకు అది పెడితే అవమానంగా అనిపించొచ్చు. అడిగి పెట్టండి.

నాలుగో మెట్టు: మనుషుల్ని గుర్తుపట్టడం, కాల్ ఎత్తడం

ఫోన్ మొదటి పని ఇదే కాబట్టి దీని మీద సమయం పెట్టొచ్చు. కాంటాక్ట్‌కు పెట్టే ఫొటోలో ముఖం ఒక్కటే, ఫ్రేమ్ నిండా ఉండాలి. పెళ్లి ఫొటోలో నిలువెత్తున నిలబడ్డ మనిషి చిన్న గుండ్రంలో గింజంత అవుతాడు. వెనక సాదా గోడ ఉంటే మంచిది. అన్నదమ్ములిద్దరి ముఖాలూ ఒకేలా ఉంటే ఒకరికి ఎరుపు, ఇంకొకరికి తెలుపు చొక్కా ఉన్న ఫొటోలు పెట్టండి. పేర్లు కూడా వాళ్లు పిలిచేలాగే రాయండి: "పెద్దోడు", "చిన్నమ్మాయి". ఆఫీసు రికార్డులో ఉన్న పూర్తి పేరు ఇక్కడ అక్కర్లేదు.

కాల్ ఎత్తడంలో ఒక తిరకాసు ఉంది. ఐఫోన్ లాక్ అయి ఉంటే పక్కకు జరపమని ఒక పట్టీ వస్తుంది. అదే ఫోన్ తెరిచి ఉంటే నొక్కే బటన్లు వస్తాయి, ఒక్కోసారి పైన చిన్న పట్టీ మాత్రమే. ఒకే కాల్, వేర్వేరు రూపాలు. నిన్న జరపడం నేర్చుకున్నవాళ్లకు ఇవాళ జరపడానికి ఏమీ కనబడదు. అన్నీ ఒకే రోజు చూపించండి, పక్క గదిలోంచి కాల్ చేసి మరీ. ఆండ్రాయిడ్‌లోనూ జరపడం కష్టమైతే నొక్కి ఎత్తే పద్ధతి, లేదా పక్క బటన్‌తో ఎత్తే పద్ధతి ఉందేమో కాల్ సెట్టింగ్స్‌లోనూ యాక్సెసిబిలిటీలోనూ వెతకండి, చాలా ఫోన్లలో ఏదో ఒకటి ఉంటుంది.

నొక్కినా పలకని ఫోన్ గురించి ఒక మాట. వయసుతో వేలి చర్మం పొడిబారుతుంది, టచ్ స్క్రీన్ పొడి వేలిని సరిగ్గా గ్రహించదు. గట్టిగా నొక్కితే లాభం లేదు, అది లాంగ్ ప్రెస్ అయి ఇంకేదో తెరుచుకుంటుంది. వేలికి కాస్త తడి గానీ మాయిశ్చరైజర్ గానీ చాలు. మందపాటి స్క్రీన్ గార్డు ఉంటే టచ్ సెన్సిటివిటీ పెంచండి. టచ్ అండ్ హోల్డ్ డిలే అనే సెట్టింగ్‌ను లాంగ్ దగ్గర పెడితే కాస్త ఆగిన వేలును కూడా మామూలు నొక్కుడుగానే లెక్కేస్తుంది. బటన్ కనీసం 9 మిల్లీమీటర్లు ఉండాలన్నది ఆండ్రాయిడ్ డిజైనర్లకు ఇచ్చే సలహా. డిస్‌ప్లే సైజు పెంచితే ఆ మాత్రం వస్తుంది.

ఐదో మెట్టు: కన్ను అలసినప్పుడు చెవి, కెమెరా

పొడవైన మెసేజ్ చదవడానికి ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్, ఐఫోన్‌లో స్పీక్ స్క్రీన్ ఉన్నాయి. రెండోదానికి పైనుంచి రెండు వేళ్లతో కిందికి లాగాలి. రాయడానికి కీబోర్డు మీది మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే చాలు. పంపేముందు ఒకసారి చదవాలి, పేర్లను అది ఇష్టం వచ్చినట్టు మారుస్తుంది.

స్క్రీన్ మీదున్నదంతా పైకి చదివే టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్), వాయిస్‌ఓవర్ (ఐఫోన్) మాత్రం తొందరపడి ఆన్ చేయొద్దు. అవి చూపు బాగా పోయినవాళ్ల కోసం. ఆన్ అయ్యాక ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితేనే తెరుస్తుంది, జరపడానికి టాక్‌బ్యాక్‌లో రెండు వేళ్లు, వాయిస్‌ఓవర్‌లో మూడు వేళ్లు కావాలి. తెలియకుండా ఆన్ అయితే ఫోన్ పాడైందనుకుంటారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇది ఆన్ అయ్యే షార్ట్‌కట్ ఉంటుంది, ఫోన్‌ను గుప్పిట్లో బిగించి పట్టుకునేవాళ్లకు ఇది జరుగుతూనే ఉంటుంది. మళ్లీ అలాగే పట్టుకుంటే ఆగుతుంది. అవసరం లేకపోతే ఆ షార్ట్‌కట్‌నే తీసేయండి. స్క్రీన్ ఉన్నట్టుండి పెద్దదైపోయి అలాగే ఉండిపోతే ఐఫోన్‌లో మూడు వేళ్లతో రెండుసార్లు తట్టాలి, ఆండ్రాయిడ్‌లో మ్యాగ్నిఫికేషన్ ఆపాలి.

చిన్న అక్షరాల లేబుళ్లకు ఐఫోన్‌లోని మ్యాగ్నిఫైయర్ బాగుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఏమీ లేకపోతే ఫొటో తీసి రెండు వేళ్లతో పెద్దది చేసుకోవడమే, అదీ చక్కగా పనిచేస్తుంది, చెయ్యి వణికినా బొమ్మ వణకదు. గూగుల్ లెన్స్, లుకౌట్ లాంటి యాప్‌లు కెమెరాతో వస్తువుల్ని, అక్షరాల్ని గుర్తుపట్టి చెబుతాయి. పుస్తకానికీ బోర్డుకీ సరే. మందు పేరు, మోతాదు విషయంలో వాటి మాట ఒక్కటే నమ్మి వేసుకోకూడదు, ఒక్క అంకె తప్పు చదివినా ముప్పు. అక్కడ మరో మనిషి కన్ను కావాలి.

ఆరో మెట్టు: ఇప్పుడు పాఠం

ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మీ చెయ్యి స్క్రీన్ మీదికి వెళ్లిందంటే పాఠం ఆగినట్టే. "అక్కడ, పైన, అదే" అనే బదులు "కుడివైపు కింది మూలలో ఆకుపచ్చ గుండ్రం" అనండి. ఒక పూటకు ఒకే పని. మర్నాడు మీరేమీ చెప్పకుండా చేయమనండి, ఎక్కడ ఆగారో గమనించండి. కన్ను స్క్రీన్ అంతా తిరుగుతుంటే అది కనబడటంలో సమస్య, రెండో మెట్టుకు వెళ్లండి. బటన్ చూసి కూడా వేలు గాల్లో ఆగిపోతే అది భయం. ఏం నొక్కితే ఏం పోతుందోనన్న టెన్షన్ అది. ఎక్కడున్నా హోమ్‌కు తిరిగొచ్చే దారి ముందు నేర్పితే చాలావరకు పోతుంది. ఆ దారి కోసం స్వైప్‌ల బదులు కింద మూడు బటన్లు కనబడే నావిగేషన్‌ను ఆండ్రాయిడ్‌లో పెట్టండి. కంటికి కనబడని సైగను గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు.

నకిలీ బటన్ల సంగతీ ఇందులోనే చెప్పాలి. ప్రకటనల్లో మూసే గుర్తు కావాలనే లేతగా, చిన్నగా పెడతారు, "డౌన్‌లోడ్" మాత్రం పెద్దగా మెరుస్తుంది. కాంట్రాస్ట్ తగ్గిన కన్నుకు రెండోదొక్కటే కనబడుతుంది. దాన్ని మూయడానికి వెతకొద్దు, నేరుగా హోమ్ బటన్ నొక్కేయమని చెప్పండి. లింకుల్లో ఒక్క అక్షరం తేడా పట్టుకోమని వాళ్లను అడగడం అన్యాయం. మెసేజ్‌లో వచ్చిన ఏ లింకూ తెరవకుండా, హోమ్ స్క్రీన్ మీదున్న యాప్‌లోంచే వెళ్లడం అలవాటు చేయండి. స్క్రీన్ షేర్ చేయమని ఎవరడిగినా కట్ చేసేయాలి.

పెద్ద అప్‌డేట్ వచ్చాక ఐకాన్లు, బటన్ల రూపు మారొచ్చు కాబట్టి ఆ రోజు వాళ్లకంటే ముందుగా మీరు ఫోన్ చూడండి. హోమ్ స్క్రీన్‌ది, ఫాంట్, కాంట్రాస్ట్ సెట్టింగ్స్‌ది స్క్రీన్‌షాట్లు తీసి మీ దగ్గర పెట్టుకోండి. కొత్త ఫోన్ కొన్నప్పుడు కుదిరితే అదే కంపెనీది తీసుకుని, ఆ స్క్రీన్‌షాట్లు చూస్తూ పాత చోట్లలోనే అన్నీ పెట్టి, అప్పుడు చేతికివ్వండి.